చైనా గల్లీలో అన్న పేరు

దుబాయి నైఫ్ బజారులో మావాళ్లు చైనా గల్లీ అని పిలిచే సందులో మా అన్న ఆరేళ్లు మూటలు మోశాడు. కరోనా ఏడాది అక్కడి నుంచే అంబులెన్సులో వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఉమ్ అల్ క్వైన్‌లో నేనుండే కూలీల క్యాంపు గేటుకు తాళం వేశారు. నేను లోపల ఉండిపోయాను. దహనం ఎవరో చేశారు. ఊళ్లో వదిన మూడోనాడు పిట్టకు పెడితే కాకి ముట్టలేదు.

"పానం ఆడ్నే తిరుగుతున్నట్టుంది తమ్మీ. నువ్వన్న పోయి పెట్టు" అంది ఫోన్‌లో. అన్న ఆకలితో పోయాడన్న దిగులు నన్ను మూడేళ్లు తిన్నది. ఒక సెలవునాడు అన్నం, కోడికూర కట్టుకుని బయలుదేరాను.

సందు అన్న చెప్పినంత కళగా లేదు. పెద్ద దుకాణాలు ఊరి బయటి మార్కెట్‌కు తరలిపోయాయట. ఎర్రబోర్డులు ఎండకు వెలిసిపోయాయి. ఒకచోట బ్యాగులు, ఒకచోట గడియారాలు, ఎక్కడో చేపలు ఉడుకుతున్న వాసన. ఏ గుమ్మంలో మూట దించి చెమట తుడుచుకున్నాడో అని ప్రతి దుకాణం ముందూ ఆగాను.

వెనక గోడవారన కాగితం ప్లేటులో పెట్టి దూరం జరిగాను. కాకి రాలేదు, పావురాలు దిగాయి. ఒళ్లు మండి చెప్పు విసిరాను. ఎదుటి తలుపు తీసుకుని ఒక చైనా ముసలమ్మ వచ్చింది.

"ఖానా నహీ డాలో. బలదియా ఫైన్ మారేగా" అంది వచ్చీరాని హిందీలో. తిండి పడేస్తే మున్సిపాలిటీవాళ్లు జరిమానా వేస్తారట.

"మేరా భాయ్ కే లియే. ఇధర్ కామ్ కర్తా థా. కరోనా మే గయా" అన్నాను.

ఆమె నా ముఖంలో అన్న పోలిక పట్టి లోపలికి పిలిచింది. అన్న ఆమె దుకాణానికీ మూటలు మోసేవాడట. దుకాణం మూల అరమీద ఊదువత్తుల బూడిద ఉంది. అన్న పోయాడని తెలిసిననాడు అక్కడే అన్నం, ఉడికిన గుడ్డు పెట్టిందట. ఏటా పెడుతోందట. నాకు ఏడుపు ఆగలేదు.

వాళ్లలో పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచి వడ్డిస్తారట. అన్న పేరు ఆమెకు తెలియదు. అందరూ భాయ్ అనేవాళ్లు, తనూ అలాగే పిలిచింది.

"ఉస్‌కో సునాయీ దియా, నహీ దియా, మాలూమ్ నహీ. నామ్ క్యా?" అంది. ఆ పిలుపు అన్నకు వినబడిందో లేదోనని ఆమె బెంగ.

పెద్దవాళ్లను పేరుతో పిలవకూడదని పెరిగినవాణ్ణి. అన్న పేరు నా నోట ఎన్నడూ రాలేదు. రాసివ్వబోతే, నోటితోనే చెప్పమని ఆమె తల అడ్డంగా ఊపింది.

చెప్పాను. ఆమె తప్పుగా పలికింది. మళ్లీ చెప్పాను. మూడోసారికి సరిగ్గా అంది. గిన్నెలో అన్నం పెట్టి ఆమె పిలుస్తుంటే, పక్కన నిలబడి నేనూ అన్నను పేరుపెట్టి తినమని పిలిచాను.