తెనాలికి రాని ముఖ్య అతిథి

తెనాలిలో చిన్న మీటింగ్ అంటే ఏంటో ఢిల్లీ వాళ్లకు తెలియదు. ఢిల్లీలో చిన్న మీటింగ్ అంటే ఏంటో మా తెనాలి వాళ్లకు తెలియదు. మధ్యలో నలిగిపోయింది నేను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ముందు గుండె దడదడలాడుతుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది.

తొంభైల మొదట్లో నేను బాపట్లలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. మా ఇల్లు రేపల్లెలో. వరి కోతలకు ముందు పొలంలో చల్లే మినుము మీద నేను రాసిన వ్యాసం ఒకటి ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ కంట్లో పడింది. ఇప్పుడు థింక్ ట్యాంక్ అంటున్నారే, ఆ బాపతు. వాళ్లు చేసే పని తెలిసి నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. రెండు ప్రభుత్వాలు ముఖాముఖి మాట్లాడుకోలేని చోట వీళ్లు రెండు వైపుల మనుషుల్నీ ఒక గదిలో కూర్చోబెడతారట. సంతకాలుండవు, ఫోటోలుండవు. ఎవరేమన్నారో గది దాటదు. పనికొచ్చే మాట ఒకటి దొరికితే దాన్ని తీసుకెళ్లి మెల్లగా ప్రభుత్వాల చెవిన వేస్తారు. క్లాసులో నేను చెప్పే పాఠాల్లో ఇంత మజా ఎక్కడుంది?

బర్మా మినుములు మన రేవుల్లో దిగుతున్న రోజులవి. మన పంట ఇంటికొచ్చే వేళకే ఆ ఓడలు కూడా వస్తే ధర పడిపోతుందని మా వైపు రైతులకు ఒకటే బెంగ. అక్కడ ఎగుమతులు చూసే అధికారి ఒకాయన సెలవు పెట్టి, మామూలు మనిషిగా వస్తున్నారనీ, ఆయన్ని మా రైతులతో ఒక పూట కూర్చోబెట్టమనీ ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. షరతు ఒక్కటే. ఆయన పేరు గానీ ముఖం గానీ పేపర్లో పడకూడదు. పడితే ఆయన ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత అక్కణ్ణించి ఇంకెవరూ రారు.

తెనాలిలో మా నాన్న స్నేహితుడికి పప్పు మిల్లు ఉంది. ఆయన్ని బాబాయ్ అంటాను. గోడౌన్ ఖాళీ చేయించి ఇస్తానన్నాడు. చిన్న మీటింగ్ బాబాయ్, హంగామా వద్దు అని ఒకటికి పదిసార్లు చెప్పాను. నువ్వు చెప్పాక తిరుగేముందమ్మాయ్ అన్నాడు. వచ్చేదెవరో చెప్పాను గానీ, పేపర్లో పడకూడదన్న షరతు మాత్రం చెప్పలేదు. రహస్యం కదా మరి!

మద్రాసు నుంచి వచ్చే బండిలో ఆ బర్మా అధికారి ఉన్నారు. నేను బాపట్లలో ఎక్కాను. చామనఛాయ, నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచి. తెనాలి చేరేదాకా కిటికీలోంచి మినుము చేలు చూపిస్తూ నేనొక్కదాన్నే మాట్లాడాను. సంతోషం పట్టలేకపోయాను. దేశాల మధ్య వ్యవహారం నా చేతిమీదుగా నడుస్తోంది!

రిక్షా మిల్లు గేటు దగ్గర ఆగింది. పైకి చూశాను. ఒక్కసారిగా నా ప్రాణం పోయింది.

గేటుకి అడ్డంగా పెద్ద గుడ్డ బ్యానర్. దాని మీద ఎర్రరంగు అక్షరాలతో ఆయన పేరు, హోదా, దేశం, సుస్వాగతం. లోపల వేదిక, మైకు, బంతిపూల దండలు. కొలకలూరు నుంచి, అమృతలూరు నుంచి, చెరుకుపల్లి నుంచి ట్రాక్టర్లలో దిగిన జనం. ఒక ఫోటోగ్రాఫర్. విలేకరులకు కూడా కబురు వెళ్లిందట, దారిలో ఉన్నారట.

బాబాయ్ ఇస్త్రీ పంచె కట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఆ క్షణంలో నషాళానికెక్కింది. నడిరోడ్డు మీద, అంతమంది ముందు, తండ్రంతటి మనిషిని పట్టుకుని కడిగిపారేశాను. అతిథి పక్కనే ఉన్నాడన్న ధ్యాస కూడా లేదు. బాబాయ్ బిత్తరపోయాడు.

"బ్యాండు మేళం మానేశాను కదమ్మాయ్. హంగామా వద్దన్నావని లైటు స్తంభాలకి మైకులు కూడా కట్టించలేదు. సముద్రం దాటొచ్చిన మనిషిని దొంగలా దాచిపెట్టమంటావేంటి?"

"ఫోటో పడితే ఆయన ఉద్యోగం పోతుంది బాబాయ్!"

బాబాయ్ ముఖం పాలిపోయింది. ఆ మాట ముందు ఏడవచ్చుగా అని ఒక్కటే అన్నాడు. తర్వాత నేను చూసింది, నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. హమాలీలు బ్యానర్ లాగేసి చుట్టేశారు. ఫోటోగ్రాఫర్‌ని టిఫిన్ తినమని లోపలికి తోలారు. విషయం ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి వెళ్లింది. ఒకరు అతిథి భుజం మీద కండువా వేశారు, ఇంకొకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వెనక బెంచీలో తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. విలేకరులు ఆలస్యంగా వచ్చారు, వాళ్లెప్పుడూ అంతే, ఆ రోజుకి అదే మమ్మల్ని కాపాడింది. బాబాయ్ మైకు అందుకున్నాడు. ముఖ్య అతిథిగారు అనివార్య కారణాల వల్ల రాలేకపోయారని, తెచ్చిన దండా శాలువా వృథా పోకుండా, మినుము మీద అంత గొప్ప వ్యాసం రాసిన మన అమ్మాయికే సన్మానమని గంభీరంగా ప్రకటించాడు.

నాకా శాలువా! సిగ్గుతో చచ్చిపోయాను. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది, రాలేకపోయిన ముఖ్య అతిథి.

విలేకరి ఒకడు వెనక బెంచీ వైపు చూసి ఎవరండీ ఆయన అన్నాడు. పక్కనున్న అమృతలూరు రైతు తడుముకోకుండా చెప్పాడు.

"మా వియ్యపురాలి తమ్ముడండి. అస్సాం నుంచి వచ్చాడు. తెలుగు రాదు పాపం."

విలేకరులు కాఫీ తాగి వెళ్లిపోయాక విస్తళ్లు వేశారు. అసలు మీటింగ్ ఆ బంతిలో జరిగింది. "అన్నయ్యగారూ, ఇంకో గారె వేయించుకోండి" అంటూనే ఆ రైతు అడగాల్సింది అడిగేశాడు. మా పంట చేతికొచ్చే నెలలోనే మీ ఓడలెందుకండీ వస్తాయి, మా నోట్లో మట్టి కొట్టడానికా అని. మెత్తగా మార్చి చెబుదామనుకున్నాను, కానీ మనసొప్పక ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన గారె పక్కన పెట్టారు. ఈ పప్పు మేము పెద్దగా తినం, మీరు తింటారనే పండిస్తాం. మీ ధర పడితే మా రైతూ పడతాడు. మీ పంట ఎప్పుడొస్తుందో మాకు చెప్పినవాళ్లు లేరు, చెబితే మా వ్యాపారులతో నేను మాట్లాడగలను అన్నారు. ఆ మాటలన్నీ నేను తెలుగులో చెప్పాను. ఆ ఒడ్డున కూడా రైతు ఉన్నాడన్న ఆలోచన అప్పటిదాకా మాలో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. కోతల కబురు ఢిల్లీ సంస్థ ద్వారా అటు చేరవేయాలని ఆ విస్తళ్ల ముందే అనుకున్నాం. నా ఒళ్లు పులకరించింది.

మర్నాడు రేపల్లెలో పేపరు నాన్న చేతిలోంచి లాక్కుని తెరిచాను. శాలువాతో నేను, ఏడుపు ముఖంతో. వెనక బెంచీల్లో ఎవరి ముఖమూ తెలియడం లేదు. చప్పట్లు కొడుతున్న చేతులు మాత్రం ఉన్నాయి.

కబురు నడిచింది. ఓడలన్నీ మా మాట విన్నాయని చెప్పను గానీ, మరుసటి ఏడాది ఆయనే మళ్లీ వచ్చారు. అంటే ఉద్యోగం పోలేదు. స్టేషన్లో ఆయన్ని చూడగానే చిన్నపిల్లలా గంతులేశాను. మిల్లు గేటు దగ్గర రిక్షా దిగి ఆయన పైకి చూశారు.

"ఈసారి నా పేరున్న గుడ్డ కట్టలేదే?"

అది మీ పేరని ఎలా తెలిసిందన్నాను. తెలుగు చదవడం రాని మనిషి! రోడ్డు మీద అందరూ ఆ గుడ్డ చదివి తనవైపు చూస్తుంటే ఆ రోజే అర్థమైందట. అదే రిక్షాలో వెనక్కి వెళ్లిపోదామనుకున్నారట.

మరి ఎందుకు ఉండిపోయారని అడిగాను.

"నాకోసం నువ్వు ఆ పెద్దాయన్ని తిడుతున్నావు. తిట్లు పడుతూనే ఆయన ఆ గుడ్డ విప్పించాడు. ఇక్కడ భోజనం చెయ్యొచ్చు అనుకున్నాను."