చుక్కబర్రెను పిలిచిన రోజు

నిన్న మధ్యాహ్నం హనుమకొండ సుబేదారిలో ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. దుకాణం వాళ్ళు వరండాలో దించిపోయిన బియ్యం బస్తాను నేను లోపలికి లాగేలోపే గోనె తడిసిపోయింది. తడిసిన గోనె వాసన తగిలిందంటే ఇక నేను ఇంట్లో నిలవలేను. గేటు దాకా వెళ్ళి రోడ్డు మీద నీళ్ళు ఎంత వచ్చాయో చూసి వస్తాను. వచ్చి కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను. మా ఆయనకు ఇది చూసీ చూసీ విసుగొచ్చింది. "సుబేదారికి వాగెట్ల వస్తదే? జర కూసో" అన్నాడు. నిజమే, ఇక్కడికి ఏ వాగూ రాదు. కానీ ఈ గుణం నాది కాదు, సువార్తమ్మ టీచర్‌ది. వాన పడితే గోనెసంచిని తలా వీపూ కప్పేలా కొప్పెరగా మడిచి నెత్తిన వేసుకొని బయలుదేరే మనిషి ఆమె. రెండేళ్ళు ఆమె పక్కన పనిచేస్తే నాకూ అంటుకుంది.

అది డెబ్బైల చివర. వరంగల్ నుంచి డోర్నకల్ వైపు వెళ్ళే ప్యాసింజర్ ఒక చిన్న స్టేషన్‌లో ఆగేది. అక్కడ దిగి మిరప చేల గట్ల మీద నడిస్తే వాగొడ్డున ఒక ఊరు. పేరు చెప్పినా మీకు తెలియదు. ఆ ఊళ్ళో మిషన్ వాళ్ళ ప్రాథమిక పాఠశాల, ఆ పాఠశాలకు ఇద్దరం టీచర్లం. ఆమె పెద్ద టీచరమ్మ, నేను చిన్న టీచరమ్మ. పెద్ద టీచరమ్మ అన్నారని మనిషి పెద్దగా ఉంటుందనుకునేరు, నా భుజం దాటి రాదు. డోర్నకల్‌లో రైలు పట్టాల పని చేసే ఇంట్లో పుట్టి పెరిగింది. రైళ్ళ రొదకు అలవాటైందేమో, నిశ్శబ్దంగా ఉంటే ఏదో జరగబోతోందని ఆమెకు భయం. తరగతిలో ఆమెకని ఒక కుర్చీ ఉండేది గాని, దాని మీద ఆమె గొడుగు తప్ప మనిషి కూర్చోవడం నేను చూడలేదు. ఎక్కాలు చెప్తూ నడిచేది, బైబిలు చదువుతూ నడిచేది, సద్ది తింటూ కూడా వరండాలో అటూ ఇటూ తిరిగేది. ఊళ్ళో సగంమంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. మీసాలు వచ్చిన మగవాళ్ళు కూడా ఆమె ఎదురైతే బీడీ వెనక్కి దాచేవారు.

నాకేమో ఆ ఊరంటే ఒళ్ళుమంట. హనుమకొండలో పెరిగినదాన్ని, సినిమా టాకీసు, స్నేహితురాళ్ళు, కరెంటు ఫ్యాను అన్నీ వదిలి ఇక్కడేమిటని రోజూ మనసులో కొట్లాడుకునేదాన్ని. సాయంత్రం బడి వదిలాక మొహం మాడ్చుకొని మెట్ల మీద కూర్చునేదాన్ని. "ఏం పిల్లా, మొఖం అట్ల వెట్టినవ్?" అనేది ఆమె. ఏం లేదమ్మా అంటే, "ఏం లేకుంటె లే. కూసుంటె ఏం దొరకది. పా, వాగు సూసొద్దాం" అని చెయ్యి పట్టి లేపేది. తలనొప్పికీ, బెంగకూ, జీతం ఆలస్యమైనందుకూ ఆమె దగ్గర ఒకటే మందు, వాగు చూసి రావడం. మొదట్లో తిట్టుకుంటూ వెళ్ళాను. తర్వాత ఆమె పిలవకముందే చెప్పులు వేసుకునేదాన్ని.

వాగు ఊరి ముందు రెండు పాయలుగా చీలేది. మధ్యలో పచ్చగడ్డి తిప్ప. వానాకాలం వస్తే చేలు మేస్తాయని బర్రెలను పొద్దున్నే ఆ తిప్ప మీదికి తోలేవారు. చుట్టూ నీళ్ళే కంచె, మేత ఉన్నంతసేపు పిలవందే అవి దాటవు. కాపరి అక్కర్లేదు. సాయంత్రం ఇంటికొకరు ఒడ్డుకు వచ్చి పిలిస్తే, ఎవరి బర్రె వాళ్ళ దగ్గరికి మోకాలిలోతు నీళ్ళు దాటి వచ్చేది. ప్రతి ఇంటికీ తమదైన పిలుపు. ఒకరు నాలుకతో టకటకలాడిస్తే, ఒకరు సాగదీసి పాడినట్టు పిలిచేవారు. సువార్తమ్మ ఆ పిలుపులన్నీ అచ్చుగుద్దినట్టు అనుకరించి పిల్లలను నవ్వించేది. బర్రెలు మాత్రం తల ఎత్తేవి కావు. "నేను గొంతు సించుకున్నా ఒక్కటి సూడది. పాలు పిండే మనిషెవలో వాటికెర్క" అనేది.

ఆ ఏడాది శ్రావణంలో ముసురు పట్టి, ఒక పొద్దున తెరిపిచ్చింది. ఎండ కనిపించేసరికి ఊరంతా హమ్మయ్య అనుకొని బర్రెలను తిప్పకు తోలింది. మేము బడిలో ఉన్నాం. పిల్లలు పద్యం అప్పజెప్తుంటే సువార్తమ్మ ఉన్నపళంగా చెయ్యెత్తి ఆపింది. నాకేమీ వినపడలేదు. ఆమె గోనెసంచి కోసం చెయ్యి చాచింది, వాన లేదన్న సంగతి కూడా చూసుకోలేదు. మేము వరండాలోకి వచ్చేసరికి వాగు ఎర్రమట్టి రంగులో పైకి లేస్తోంది. ఎగువన ఒక చెరువుకు గండి పడిందని తర్వాత తెలిసింది. పిల్లలను గదిలో ఉంచి పెద్దపిల్లలకు అప్పజెప్పి, ఇద్దరం ఒడ్డుకు పరుగెత్తాం.

అప్పటికే ఊరంతా అక్కడుంది. తిప్ప చూస్తుండగానే కుదించుకుపోతోంది. బర్రెలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మధ్యలో గుమిగూడాయి. బర్రె ఈదగలదు, అది అందరికీ తెలుసు. భయం దిగువనున్న రైలు వంతెనది. వరద నెట్టుకుపోయే ఆ దారిలో, వంతెనకు ముందు చాకిరేవు దగ్గర మాత్రమే పశువు ఎక్కేంత వాలుగా ఒడ్డు ఉంటుంది. ఆ రేవు దాటి కొట్టుకుపోయిందంటే ఏ పశువైనా వంతెన కాళ్ళకు తగలాల్సిందే. ఆ కంగారులో ఊరివాళ్ళు చేసిన పని చూడండి. రోజూ సాయంత్రం ఎక్కడ నిలబడతారో అక్కడే నిలబడి, ఎవరి బర్రెను వాళ్ళు, ఎవరి పిలుపుతో వాళ్ళు, ప్రాణం పెట్టి పిలుస్తున్నారు. అన్ని గొంతులూ ఒక్కసారే. ప్రేమతోనే పిలుస్తున్నారు పాపం. బర్రెలు నాలుగడుగులు దిగుతాయి, ఇటు తిరుగుతాయి, అటు తిరుగుతాయి, బెదిరి మళ్ళీ తిప్ప ఎక్కుతాయి. అలా దిగిన వాటిలో ఒక బర్రెదూడ ఉంది, ఆ దుడ్డె వెనక్కి ఎక్కలేకపోయింది. దాని తల రెండుసార్లు కనిపించి మునిగిపోయింది.

నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "మల్లయ్య కోడలు కాలు వెట్టి ఆర్నెల్లు గాలె. ఆ ఇంటికున్న ఒక్క పాడిబర్రె వోతాంది సూడు" అంది ఒకామె. "ఏ గడియల అడుగువెట్టిందో" అంది ఇంకొకామె. ఆ కోడలు కొమురమ్మ వాళ్ళకు నాలుగడుగుల దూరంలోనే కొంగు నెత్తిమీదికి లాక్కొని నిలబడి ఉంది. ఎండాకాలంలో పెళ్ళయి వచ్చిన పిల్ల. ఆ మాటలు ఆమెకు వినపడ్డాయి, నేను చూశాను. వరద వస్తే తగ్గుతుంది, ఆ మాట తగ్గదు. నుదుట తెల్లచుక్క ఉన్న ఆ ఇంటి చుక్కబర్రె పోతే ఆ పిల్ల బతికినన్నాళ్ళూ ఆ ఊళ్ళో బర్రెను మింగిన కోడలుగానే బతకాలి.

సువార్తమ్మ ఒడ్డు వెంట రెండుసార్లు అటూ ఇటూ నడిచి, నా భుజం పట్టి కుదిపింది. "పో పిల్లా, బడిగంట కొట్టు. ఆపకు." బడి అక్కడికి కూతవేటు దూరం. గంటంటే దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. నేను చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను. ఏం మాయో, చిన్నప్పుడు ఆ చప్పుడుకు నోరు మూసుకున్న అలవాటేమో, ఒడ్డున అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను తిరిగొచ్చేసరికి ఆమె గొంతొక్కటే వినిపిస్తోంది.

"దిక్కుకొకలు పిలిస్తె అవి ఎటు రావాలె? దిగినంక వరద వాటిని యాడికి తెస్తది?"

"రేవుకాడికి, టీచరమ్మా."

"మరి ఈడ నిలవడి ఒర్లుతాండ్రేంది? ముందుగాల దిగేది ఏ బర్రె?"

మల్లయ్య ముందుకొచ్చాడు. తలపాగా ఎక్కడో పడిపోయింది. "మా చుక్కబర్రె. అది దిగితె అన్ని దాని ఎంబడే వస్తయ్. పిలిచి పిలిచి నా గొంతు ఎండుకపోయింది. అది నా దిక్కే సూస్తలేదు" అన్నాడు.

ఆమె గుంపునంతా ఒకసారి కలయజూసి, నేరుగా కొమురమ్మ దగ్గరికి నడిచింది. "బిడ్డా, పాలు నువ్వేనా పిండేది?" ఆ పిల్ల తల ఊపింది. అత్త చేతులకు వాతం వచ్చి ఆ పని కోడలి మీద పడిందని తర్వాత తెలిసింది. "అయితె నువ్వు పిలువు." కొమురమ్మ కదల్లేదు. నేను వంగితే గాని ఆమె మాట వినపడలేదు. "మామ ఉన్నడమ్మా" అంది. ఆ ఇళ్ళల్లో కొత్తకోడలు మామ ముందు గొంతెత్తడం లేదు. తలుపు చాటు నుంచి గాజులు చప్పుడు చేసి అన్నానికి పిలవడమే. నేనైతే ఆ పిల్లను కసురుకునేదాన్ని, ఇప్పుడదా చూసేదని. సువార్తమ్మ ఆ పిల్లను పల్లెత్తు మాట అనలేదు. మామ వైపు తిరిగింది.

"మల్లయ్యా, నువ్వు పో."

"యాడికి?"

"బడి ఎనుకకు. గోడ దిక్కు మొఖం వెట్టి నిలవడు. నువ్వుంటె ఈ పిల్ల గొంతు లేవది."

"నా బర్రె వాగుల ఉంటె నన్ను పొమ్మంటవా టీచరమ్మా?"

"అందుకే పొమ్మంటాన."

మల్లయ్య బర్రె వైపు చూశాడు, కోడలి మొహం చూడకుండా ఆ పిల్ల నిలబడ్డ వైపు చూశాడు. తర్వాత గట్టెక్కి వెళ్ళిపోయాడు. వరుసకు మామలయ్యే మరో ఇద్దరు పెద్దమనుషులు తమంతట తామే తువ్వాళ్ళు నెత్తిన కప్పుకొని చేల వైపు తిరిగారు.

సువార్తమ్మ కొమురమ్మను చాకిరేవుకు తీసుకుపోయింది. ఆ పిల్ల మొదటి పిలుపు గొంతులోనే తెగిపోయింది. రెండోసారి కొంగు జారినా సర్దుకోలేదు. "దా... నా తల్లీ దా... చుక్కా దా..." తిప్ప మీద చుక్కబర్రె చెవులు కదిలాయి. తల ఇటు తిప్పింది, దిగింది. వరద దాన్ని పక్కకు నెట్టుకుపోతుంటే ఈ పిల్ల పిలుస్తూనే నడుములోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. చాకలి ఎల్లయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఎల్లయ్యను మరొకరు పట్టుకున్నారు. సువార్తమ్మ ఒడ్డున కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ "పిలువు, ఆపకు, పిలువు" అంటోంది. బర్రె రేవు దాటిపోయిందనే అనుకున్నాం. చివరి బండకు దాని ముందుకాళ్ళు తగిలాయి. దాని వెనుక మిగిలినవన్నీ నల్లటి తలలు ఎత్తుకొని వరుసగా వచ్చేశాయి. నేను గట్టిగా ఏడ్చేశాను. ఇష్టం లేదనుకున్న ఊరి బర్రెల కోసం ఏడుస్తున్నానని ఆ తర్వాతెప్పుడో తట్టింది.

"పో, మల్లయ్యకు చెప్పు" అని ఆమె నన్ను తరిమింది. బడి వెనుక ఆయన ఆమె చెప్పినట్టే గోడకు నుదురానించి నిలబడి ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు తిరిగాడు. బర్రె సంగతి అడుగుతాడనుకున్నాను.

"చిన్న టీచరమ్మా, ఆ గొంతు మా పిల్లదేనా?"

అవునన్నాను.

"పెండ్లయి ఇన్ని నెల్లాయె. ఇయ్యాలనే ఇన్న" అన్నాడు. ఆ తర్వాతే, "బర్రె?" అన్నాడు. వచ్చిందని చెప్పాను.

ఒడ్డున అంతకుముందు అడుగుపెట్టిన గడియ గురించి మాట్లాడిన ఆడవాళ్ళే కొమురమ్మ గడ్డం పట్టుకొని మురిసిపోతున్నారు. సువార్తమ్మ ఆ సంబరంలో లేదు. పోయిన దుడ్డె ఎవరిదని అడిగి, దాన్ని వెతుక్కుంటూ వంతెన దాకా వెళ్ళింది. ఒట్టిచేతులతో తిరిగొచ్చింది.

నాకు బదిలీ అయ్యాక, ఎనభైలలో ఒకసారి డోర్నకల్ వెళ్ళి ఆమెను చూశాను. మోకాళ్ళు పట్టేసి మంచం మీద ఉంది. పడుకొని కూడా పాదాలు ఆడిస్తూనే ఉంది. అన్నాళ్ళూ మనసులో ఉన్న ప్రశ్న అడిగాను. "అంతమందిలో ఆ పిల్లే అని మీకెట్ల తెలిసిందమ్మా?"

"నువ్వు గంట కొట్టినంక అందరు నోర్లు మూసిండ్రు గదా. ఆ పిల్ల పెదవులు మాత్రం ఆడుతనే ఉన్నయ్. గొంతు లేకుంట పిలుస్తనే ఉంది" అంది. మళ్ళీ తనే, "జర ముందుగాల సూస్తె ఆ దుడ్డె గూడ దక్కేది" అని అటు తిరిగి పడుకుంది. ఆమెను చూడడం అదే ఆఖరు.

తర్వాత నేను ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని అయ్యాను. పదిమంది గట్టిగా మాట్లాడే చోట నా కళ్ళు ఒకచోట నిలవవు, ఎవరి పెదవులు ఊరికే ఆడుతున్నాయా అని వెతుకుతాయి. ఒకరోజు ఒక తండ్రి తొమ్మిదో తరగతి బిడ్డను వెంటబెట్టుకొని నా గదికి వచ్చాడు. "దీనికి సదువు మీద మనసు లేదు మేడం. బడి మానుతనంటాంది" అన్నాడు. ఆ పిల్ల ఆయన వెనుక నిలబడి ఉంది. తల వంచుకునే ఉంది గాని పెదవులు ఆడుతున్నాయి. నీకు ఇష్టమేనా అని నేను ఆమెను అడగలేదు. ఆయన ముందు అడిగితే ఏం చెప్తుంది?

"మీరు కొద్దిసేపు గేటు బయట నిలబడండి" అన్నాను.

"నా బిడ్డ ముచ్చట నేను లేకుంట ఏంది?" అని గొణిగాడు, కుర్చీ చప్పుడు చేస్తూ లేచాడు. నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి ఆయన గేటు దాటేదాకా చూశాను. తర్వాత తలుపు దగ్గరగా వేసి వెనక్కి తిరిగాను.

"మీ నాయిన పోయిండు బిడ్డా. చెప్పు" అన్నాను.