పీత పెట్టెలో తెల్ల రెట్ట

పీతల్ని సాకడంలో హకుపు ఊళ్లో తనను మించినవాళ్లు లేరని సియాలే తానే చెప్పుకుంటుంది. ఎవరూ కాదనరు. అడవిలో దొరికిన ఉగా, అంటే కొబ్బరి చెట్లెక్కే ఆ పెద్ద పీత, ఏమేం తినొచ్చిందో ఎవరికి తెలుసు? అందుకే విందుకు ముందు దాన్ని పెట్టెలో ఉంచి వట్టి కొబ్బరే మేపుతుంది. మూత తీయగానే ముందు చూసేది రెట్టనే. మొగుడు తోగియా దానికి నవ్వుతాడు, నవ్వనీ అనుకుంటుంది.

కూతురి చెవులు కుట్టే విందుకు రెండు పీతలు పెట్టి, మధ్యలో చెక్కపలక అడ్డంపెట్టి, ఆలోఫీ పట్నంలో చెల్లెలి ఇంటికి దుప్పట్లు కుట్టడానికి వెళ్లింది. విందు రోజు పొద్దున తిరిగొచ్చేసరికి ఇల్లు మూగబోయి ఉంది. చిన్న పీత లేదు. తన తమ్ముడు ఫోలానే ఎత్తుకెళ్లాడని తోగియా చర్చి ముందు ఊరంతా వినేలా కేకలేశాడట. ఫోలా ఇక గుమ్మం తొక్కనన్నాడట. చెవులు కుట్టాలంటే, పాప వాడి ఒళ్లో తప్ప ఎవరి ఒళ్లోనూ నిలవదు.

ఆమె నేరుగా వెళ్లి మూత తీసింది. పలక ఓ పక్కకు ఒరిగి ఉంది. పెద్ద పీత కింద తమలపాకుకు రాసే సున్నంలాంటి తెల్లటి ముద్దలు.

"ఇటు రా. ఇదేంటో చూడు," అని తోగియాను పిలిచింది.

"రెట్ట. పొద్దున్నే నాకిదేనా?"

"కొబ్బరి తింటే ఇంత తెలుపు రాదు. మాంసం తింటేనే. మాంసం తింటే ఒంట్లో పుట్టే మలినాన్ని సముద్రంలో పీత నీళ్లలోకి వదిలేస్తుంది. నేల మీది దీనికి దండగ చేసుకునే నీళ్లెక్కడివి? ఎండగట్టి ఇలా తెల్లగా వేస్తుంది. కోడిరెట్ట మీద తెలుపు చూళ్లేదూ?"

"అయితే?"

"చిన్నదాన్ని ఇదే మింగింది. పెంకులేమైనా మిగిలుంటే నువ్వు నిన్న కొబ్బరి పీచుతో పాటు ఊడ్చి పందులకేసుంటావు. మీ తమ్ముడు కాదు దొంగ."

తోగియా మొహం వాడిపోయింది. "వాడికి నువ్వు చెప్పు. నీ మాట వింటాడు."

"తిట్టింది నేనా? ఊరు వింటుండగా అన్నావు, ఊరు వింటుండగానే చెప్పు."

మధ్యాహ్నానికి జనం చాపల మీద కూర్చున్నారు. ఫోలా దూరంగా రోడ్డు మీదే నిలబడ్డాడు. పాప సియాలే ఒళ్లో గిలగిల్లాడుతూ ఏడుస్తోంది. తోగియా లేచి గొంతు సవరించుకున్నాడు. "నా తమ్ముడు దొంగ కాదు. నేనే నోరు జారాను. పీతను పీత తింది, తెలుసుకోకుండా వాణ్ణి అన్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోలా నవ్వలేదు. జనం మధ్యగా నడిచొచ్చి, అన్న వైపు చూడకుండానే సియాలే ముందు చేతులు చాచాడు.

"పాపనిటివ్వు వదినా. నీ ఒళ్లో అది నిలవదు."