క్రాంక్ బోల్టు విప్పిన చీమ

డిపోలో ఆమెను అందరూ చీమ అనే పిలుస్తారు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు కాదది. ఉద్యోగంలో చేరిన తొలి రోజున ఆమె అన్నం డబ్బా మర్చిపోయి వచ్చేసింది. వాళ్ళ నాన్న దాన్ని పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "ఒసేయ్ చీమా! తిండి ఇంట్లో పెట్టిపోయి లోపల ఏం ఉద్ధరిస్తావే?" అని కేకేశాడు. ఇంటి ముద్దుపేరు ఆ ఒక్క కేకతో బస్సులతో సహా అందరికీ తెలిసిపోయింది. ఆమె కాదనలేదు. తన బరువుకు మించింది మోసే ప్రాణి పేరు మోయడానికి సిగ్గెందుకు?

అప్పుడామె పని కడుగుడు సెక్షన్‌లో. విప్పిన ఇంజన్ల జిడ్డు భాగాలన్నీ డీజిల్ తొట్టిలో ముంచి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వేళ్ళ చర్మం ఉల్లిపొరలా లేచిపోయేది. ఆ సెక్షన్‌లో అందరూ ఆడవాళ్ళే. ఎందుకయ్యా అంటే "ఆడవాళ్ళ చేతిలో శుభ్రత ఉంటుంది" అనేవారు. శుభ్రత సంగతి దేవుడెరుగు, అక్కణ్ణుంచి పైకి మెట్టు లేదు. అదీ అసలు సంగతి. మెకానిక్ శిక్షణకు ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా నియమం లేదు. రావచ్చని చెప్పిన నాలుకా లేదు. చీమ ఎవరూ చెప్పకుండానే వెళ్ళింది. మగవాళ్ళ పక్కనే నిలబడి నేర్చుకుంది, పరీక్ష పాసైంది, ఇంజన్ సెక్షన్‌లో అడుగుపెట్టిన తొలి ఆడమనిషి అయింది.

అడుగుపెట్టనివ్వడం వేరు, నిలబడనివ్వడం వేరు.

"పాసైతే అయ్యావులేమ్మా," అన్నాడు సూపర్‌వైజరు, టీ గ్లాసులోకి చూస్తూ. "పరీక్ష కాగితాలు బోల్టులు విప్పవు కదా. అదిగో, కొండదారి బస్సు ఇంజన్ దించాం. దాని క్రాంక్ బోల్టు ఒక్కదానివే విప్పు, మళ్ళీ బిగించు. చేశావంటే ఈ సెక్షన్‌లో ఉంటావు. లేదంటే నీ తొట్టి ఎక్కడికీ పోలేదు. రేపు చూద్దాం."

క్రాంక్ బోల్టు అంటే ఇంజన్ ముందువైపు పెద్ద పుల్లీని పట్టి ఉంచే బోల్టు. ఇంజన్ మొత్తంలో అంత మొండిది ఇంకోటి ఉండదు. డిపోలో దాన్ని విప్పే పద్ధతి ఒక్కటే. బోల్టు తలకు తొడిగే సాకెట్‌కు రాడ్డు తగిలించి, రాడ్డుకు పొడవాటి ఇనుప పైపు తొడిగి, నలుగురు మగవాళ్ళు వరసగా దాన్ని పట్టుకుని వేలాడేవారు. నలుగురు వేలాడితే గాని కదలని దాన్ని ఒక్క మనిషి కదిలించాలట. అన్యాయానికి పరీక్ష అని పేరు పెడితే ఎంత మర్యాదగా కనిపిస్తుందో!

"మిగతా వాళ్ళందరూ ఒంటరిగా విప్పాకే ఈ సెక్షన్‌లోకి వచ్చారా సార్?" అని అడిగింది చీమ.

"వాళ్ళని అడగాల్సిన అవసరం రాలేదమ్మా."

పక్కనున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు డిపోలో వస్తాదు అని పిలిచే మెకానిక్. తలుపు పట్టనంత భుజాలు, మూతి నిండా మీసం, మనసు మాత్రం చెడ్డది కాదు. "ఆ బోల్టు బిగించింది నేను. విప్పాలంటే దేవుడే దిగిరావాలి చెల్లెమ్మా," అన్నాడు.

"ఆయనొచ్చినా పైపు ఓ చివర పట్టుకోమంటారుగా అన్నా!"

ఈసారి నవ్వు వస్తాదు మీదికి మళ్ళింది.

వస్తాదు బిగింపు వెనక డిపో ఆచారం ఒకటుంది. బోల్టు ఎంత బిగియాలో అంకె పెట్టుకుని తిప్పే టార్క్ రెంచి వాళ్ళ దగ్గర ఉంది. కావలసినంత బిగియగానే అది 'టక్కు'మంటుంది. అక్కడ ఆపాలి. కానీ వీళ్ళు ఆపరు. టక్కు వినిపించాక పళ్ళు బిగబట్టి ఇంకో గుంజు గుంజుతారు. "టక్కు కంపెనీది, గుంజు మనది" అని ఒక సామెత కూడా పుట్టించుకున్నారు. ఆ గుంజుతో బోల్టు సాగుతుంది, మరలు పట్టేస్తాయి. మళ్ళీ విప్పే రోజున ఆ గుంజే నలుగుర్నీ పైపుకు వేలాడదీస్తుంది. సొంత చేత్తో ముడి వేసి సొంత పళ్ళతో విప్పుకోవడం.

అలా వేలాడే పని ఒంటిని ఏం చేస్తుందో చీమ రోజూ ఇంట్లోనే చూస్తోంది. వాళ్ళ నాన్న అదే డిపోలో మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాడు. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. చొక్కా అమ్మ తొడగాలి. ఆ చేతికే ఉంగరపు వేలు సగమే ఉంది.

ఆ సాయంత్రం బోల్టు చుట్టూ తుప్పు గీకి, నూనె పోసి నానబెట్టి ఇంటికి వచ్చింది చీమ. కాళ్ళైనా కడుక్కోకుండా నాన్న ఎదుట కూర్చుంది.

"నాన్నా, స్టోర్‌లో పెట్టిన గేర్ల డబ్బా సంగతి చెప్పు."

ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. ఎప్పుడో డిపోకి వచ్చిన పనిముట్టు అది. బోల్టు మీద బోర్లిస్తే, లోపలి గేర్ల వల్ల మనం సులువుగా తిప్పిన తిప్పుడు కొన్ని రెట్ల బలమై బోల్టు మీద పడుతుంది. నలుగురి భుజాల పని ఒక మణికట్టు చేస్తుంది. వాడిన మొదటి రోజునే ఆయన వేలు నలిగింది. ఆ తర్వాత దాన్ని తాళం వేసి పెట్టారు. అందులో దయ్యం ఉందని డిపో తీర్పు.

"దాని ఊసెత్తకు. నా వేలు మింగిన ముండ అది."

"ఎలా మింగింది? పక్కనుంచి దానికి ఆసరా కడ్డీ ఉంటుందిగా. దాన్ని దేనికి ఆనించారు?"

"ఆనించడమేంటే? నేను పట్టుకున్నా."

"చేత్తోనా?"

"మరి మూతితోనా? ఆ రోజుల్లో నా పట్టంటే డిపో డిపో గడగడా..."

"ఆ పట్టుకే ఇప్పుడు గుండీ అందట్లేదు," అంది అమ్మ, ఆయన చొక్కా విప్పుతూ.

చీమ నవ్వలేదు. "బోల్టుని ఎంత బలంగా తిప్పుతామో, ఆ కడ్డీ ఇంచుమించు అంత బలంగానూ వెనక్కి తంతుంది నాన్నా. దాన్ని పట్టుకోవడమంటే దొర్లుతున్న బస్సుకి చెయ్యి అడ్డం పెట్టడమే. కదలని ఇనుముకి ఆనించాలి. మీకు ఎవరూ చెప్పలేదా?"

"ఎవడు చెబుతాడే? పెద్దాళ్ళు కార్లో వచ్చారు, డబ్బా మా చేతికిచ్చారు, ఫొటో దిగారు, పోయారు."

ఫొటోలో అందరూ ఉన్నారు, నేర్పేవాడు తప్ప. వేలు పోయాక మాత్రం తప్పు సగం కూలివాడి అజాగ్రత్త మీదికి, సగం దయ్యం మీదికి పోయింది. పెద్దవాళ్ళ మీదికి ఒక్క చుక్కైనా పోలేదు.

నాన్న తన సగం వేలు నిమురుకున్నాడు. "ఆ ఇంజన్ స్టాండుకి అడుగున దూలం ఉంటుంది. పైన గొట్టాలు నమ్మకు, వంగుతాయి. దూలానికి ఆనించు," అన్నాడు. ఆయన ఆశీర్వాదాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

మర్నాడు డబ్బా అడిగితే, స్టోర్ తాళాలు చూసుకునే బాబాయ్ చేతులు జోడించాడు. "వద్దు తల్లీ. ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"ఇవ్వనని గట్టిగా అను బాబాయ్. పరీక్ష పెట్టినవాళ్ళే పనిముట్టు దాచారని అందరూ వింటారు."

కడుగుడు సెక్షన్ ఆడవాళ్ళు అప్పటికే ఒక్కొక్కరే తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. బాబాయ్ ఆ మొహాలు చూశాడు, తాళం తీశాడు.

డబ్బా చూడగానే సూపర్‌వైజరు కనుబొమలు ముడిచాడు. "ఒంటరిగా అన్నాను."

"ఒంటరిగానే సార్. ఇది మనిషి కాదుగా."

ఇంజన్ తిరిగిపోకుండా వెనక ఉండే పెద్ద చక్రం, ఫ్లైవీల్‌కి అడ్డు బిగించింది చీమ. డబ్బా బోల్టు మీద కూర్చోబెట్టింది. ఆసరా కడ్డీని కిందికి తిప్పి, దూలానికి ఆనించి, ఊపి చూసింది. ఆ దరిదాపుల్లో ఎవరి చెయ్యీ లేకుండా అందర్నీ వెనక్కి జరిపింది. తర్వాత చిన్న స్టూలు లాక్కుని కూర్చుని పిడి తిప్పడం మొదలుపెట్టింది.

పిడి తిరుగుతోంది. బోల్టు ఉలకదు, పలకదు.

"పిండి రుబ్బుతోందిరోయ్!" అన్నారెవరో.

"రుబ్బనీ. మీకెటూ తినడమే కదా వచ్చు," అంది కడుగుడు సెక్షన్ నుంచి ఒక పెద్దావిడ.

కడ్డీ దూలానికి అదుముకుని కీచుమంది. చీమ మణికట్టుకు బరువు తగిలింది. ఆమె వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఉన్నట్టుండి షెడ్డు రేకులు అదిరేలా 'ఠంగ్' మంది. ముందు వరసలో నిలబడ్డ వస్తాదు ఎగిరి వెనక్కి దూకాడు. బోల్టు కదిలింది. ఆడవాళ్ళు వేసిన కేకకు గేటు దగ్గర కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

విప్పిన బోల్టును ఆమె కొత్తదాని పక్కన నిలబెట్టింది. పాతది నడుము దగ్గర సన్నబడి, పొడుగు సాగి ఉంది. "ఇదిగో అన్నా, నీ గుంజు," అంది. వస్తాదు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

కొత్తది బిగించేటప్పుడు, డబ్బా బలాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆమె లెక్క చూసుకుని, టార్క్ రెంచి అంకె తగ్గించి పెట్టింది. నిదానంగా లాగింది. టక్కు. ఆపేసింది. షెడ్డంతా గుంజు కోసం ఎదురుచూస్తోంది. ఆమె రెంచి తీసి పక్కన పెట్టింది.

"అంతేనా? ఊడితే?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఊడితే నన్ను తొట్టికి పంపండి సార్. గుంజి గుంజి కొండ మీద విరిగితే, బస్సునిండా జనానికి ఎవర్ని పంపుతారు?"

ఆయన సాగిన పాత బోల్టు వైపు ఓసారి చూసి, "సరే, ఉండు. సెక్షన్‌లోనే ఉండు," అన్నాడు. డబ్బా తీసుకుపొమ్మని బాబాయ్‌కి సైగ చేశాడు.

"అది పోదు సార్. ఇక్కడే బల్ల మీద ఉంటుంది, అందరికీ."

"పాసైన పూటే షరతులా?"

"సెక్షన్ మనిషిని కదా సార్. సెక్షన్ మాట మాట్లాడాలి."

డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ సాయంత్రం వీధి చివర టీ కొట్టులో చీమ నాన్న గ్లాసు చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. "నలుగురం గబ్బిలాల్లా వేలాడేవాళ్ళమయ్యా. మా అమ్మాయి ఒక్కతే విప్పింది. అదీ స్టూలు మీద కూర్చుని!"

"అయితే నిన్ను మించిపోయిందన్నమాట," అన్నాడు కొట్టతను.

"నన్నేంటయ్యా, డిపోనే మించిపోయింది!"

ఇంకో ఇంజన్ దించిన రోజున వస్తాదు ఎవర్నీ పైపు పట్టమని పిలవలేదు. అందరూ టీకి వెళ్ళేదాకా ఆగి, డబ్బా బోల్టు మీద పెట్టుకుని, గొంతు తగ్గించి పిలిచాడు. "చెల్లెమ్మా, ఓసారి ఇటు చూడు. కడ్డీ ఇక్కడ ఆనితే చాలా?"

చీమ వంగి చూసింది. "అది స్టాండు పైగొట్టం అన్నా, వంగిపోతుంది. ఇంకా కిందికి దించు. ఆఁ, అక్కడ."

"ఇప్పుడు తిప్పొచ్చా?"

"తిప్పు," అని చెప్పి, చేతులు తుడుచుకుంటూ ఆమె తన ఇంజన్ దగ్గరికి వెళ్ళిపోయింది.