నీలం దారం కుట్టు

ఒక మంచి మనిషిని దొంగను చేసిన బరువు ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె కోసమే చేశాననుకున్నాను కాబట్టి ఆమెకే చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను, విను.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు త్రిపురారం పొలాలకు కొత్తగా పారుతున్న రోజులవి. సూర్యాపేటలో ఒక సావుకారి గింజల దుకాణంలో నేను సంచుల మూతులు కుట్టేవాణ్ణి. నా భార్య అక్కడే ఊడ్చేది. కాంటా కింద రాలిన గింజలు ఊడ్చినవాళ్లవేనని బజారు రివాజు. ఒకరోజు సావుకారు అందరి ముందూ ఆమె ఒడి విప్పించి, దోసెడు పెసలు నేల మీద పోయించి, దొంగముండ అన్నాడు. నేను తల వంచుకుని సంచి కుడుతూనే ఉన్నాను. వీణ్ణి ఊరికే వదలకూడదని ఆ పూటే అనుకున్నాను.

దారి నా చేతిలోనే ఉంది. అమ్మకం పన్ను ఎగ్గొట్టడానికి సావుకారు సగం సరుకును బిల్లు లేకుండానే కోదాడకు పంపేవాడు. జీరో సరుకు అనేవాళ్లం. బిల్లున్న సంచులకు మా దుకాణం గుర్తుగా నీలం దారం కుట్టు, జీరో సంచులకు ఉత్త జనపదారం. పట్టుబడితే సరుకు తనది కాదని సావుకారు అనలేకుండా, ఆ వారం జీరో సంచులన్నిటికీ నీలం దారమే కుట్టాను. బండి ఎప్పుడు పోతుందో చెబుతూ పన్ను ఆఫీసుకు పేరు లేని కార్డు రాశాను. సర్కారు మీద ప్రేమతోనా? అదేం లేదు. వాడు నలుగురిలో దొంగ అనిపించుకోవాలి, అంతే.

బండి తోలేది చివ్వెంల మల్లయ్య. గొర్లు అమ్మి ఎడ్లు కొన్నవాడు. నన్ను అన్నా అని నోరారా పిలిచేవాడు. అతని బండేనని నాకు తెలుసు. తెలిసే రాశాను. బండివాణ్ణి ఎవరేం చేస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పన్ను ఆఫీసువాళ్లు బండిని కోదాడ ఇవతల పట్టుకుని, మల్లయ్యను పోలీసులతో సహా దుకాణానికి తెచ్చారు. సావుకారు నీలం కుట్టు చూశాడు. రెప్ప కూడా వేయలేదు.

"ఇవి నా గోదాంలకెల్లి పోయిన సంచులు. వీడే ఎత్కపోయిండు," అని నా వైపు తిరిగాడు. "ఈ కుట్టు నీదేనారా?"

"నాదే."

"అన్నా, సావుకారే పంపిండని జెప్పరాదె," అన్నాడు మల్లయ్య.

నేను నేల చూశాను. చెబితే కుట్టు ఎందుకు మారిందని అడుగుతారు, కార్డు సంగతి బయటపడుతుంది. పని పోతుందనా నా భయం, లేక నా పగ బయటపడుతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

దొంగసొత్తుకు అమ్మకం లేదు, అమ్మకం లేకపోతే పన్ను లేదు. సర్కారుకు పైసా ముట్టలేదు. సంచులు సావుకారికే తిరిగొచ్చాయి. మల్లయ్య ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఎడ్లు వకీలు ఖర్చులకు పోయాయి.

విడుదలయ్యాక మా ఇంటికొచ్చాడు. నా భార్య అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఉన్నదే జెప్పినవ్ అన్నా. నువ్వు అబద్ధమాడలే."

సావుకారు చచ్చినప్పుడు పోయి చూశాను, కళ్లారా చూద్దామని. పగ చల్లారలేదు. తర్వాత మల్లయ్యా పోయాడు. అతని కొడుకుల్ని చివ్వెంలలో ఇవాళ్టికీ గోనెల దొంగ కొడుకులనే అంటారు.

కార్డు రాసింది నేను. నీలం దారం కుట్టింది నేను. మల్లయ్య ఒక్క గింజ కూడా దొంగిలించలేదు. ఈ మాట ఇన్నాళ్లకు ఒకరితో అన్నాను.