నర్సమ్మ అడిగిన ఒకే రకం కుర్చీలు

దోస్తూ, నమస్తే. జర లేటైంది, కోపం చేయకు. నర్సమ్మ గురించి రాసి పంపమన్నావు. నాగర్‌కర్నూల్‌లో పెట్టే సంతాప సభలో చదువుతానన్నావు, తర్వాత మన మూడు ఊళ్ల పెద్దమనుషుల గ్రూపులో పెడతానన్నావు. నువ్వు అడిగినప్పటి నుంచి ఫోన్ పట్టుకోవడం, నాలుగు లైన్లు కొట్టడం, చెరిపేయడం, ఇదే పని. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

ఆమె పోయిన కబురు వచ్చినప్పుడు గద్వాలలో నా దుకాణంలో జరీ తూస్తున్నాను. వనపర్తి నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ పోయింది అన్నా. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట కూలబడ్డది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపాయె" అంది. జరీ చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఏడుపు తర్వాత వచ్చింది దోస్తూ. ముందు వచ్చింది ఒకటే మాట: అయ్యో, మా పంచాయితి మధ్యలో ఉందే!

ఆమెను చూడనివాళ్ల కోసం చెప్తాను. వనపర్తి సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. సూదులేయడం ఆగింది కానీ ఇంటి ముందు జనం ఆగలేదు. పొలం గట్టు గొడవ, మొగుడూపెళ్లాల గొడవ, అన్నదమ్ముల గొడవ, ఏదైనా ఆమె దగ్గరికే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ నర్సమ్మే.

నేను ఆమెను మొదట చూసింది మల్దకల్ దగ్గర ఒక ఊళ్లో. భూమి ఆసామికీ కౌలు రైతుకూ బోరు నీళ్ల మీద తగువు. ఆసామి కుర్చీలో కూర్చున్నాడు. కౌలు రైతు మెట్ల మీద. నర్సమ్మ వచ్చింది కానీ కూర్చోలేదు.

"ఇట్లాంటి కుర్చీయే ఇంకోటి తెండి."

"ఆయన కిందనే కూసుంటడు లేమ్మా. అలవాటే" అన్నాడు ఆసామి.

"అలవాటని తెల్సు. అందుకే తెమ్మంటున్న."

ఎవరో ఇనుప స్టూలు తెచ్చారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్లది గాదు. ఇదే రకంది కావాలె. ఒకరు మీద, ఒకరు కింద కూసుంటె మాటలు కూడ గట్లనే వస్తయి."

ఆసామికి మండింది. "పంచాయితి చెయ్యనీకి వచ్చినవా, పెండ్లికి కుర్చీలు ఏపియ్యనీకి వచ్చినవా?"

"పెండ్లయితే బువ్వ కూడ అడుగుదును. ఇయ్యాల నీళ్లు కూడ నాయే" అని సంచిలోంచి స్టీలు బాటిల్ తీసి చూపించింది. అందరూ నవ్వారు, ఆసామి కూడా. ఊళ్లో వెతికి అదే రకం కుర్చీ తెచ్చేదాకా ఆమె నిలబడే ఉంది. పొద్దుగూకేసరికి రాజీ అయింది. అప్పుడు ఆమే అడిగి మరీ ఇద్దరి ఇండ్లల్లో తలో ముద్ద తిన్నది. తగువు తెగేదాకా ఎవరింటా మంచినీళ్లు ముట్టదు. తెగినాక తినకుండా కదలదు.

పెద్దమనుషులందరినీ వనపర్తిలో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆమెదే. ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆమె లేచి ఏమన్నదో గుర్తుందా? "దవాఖానల ఏ సిస్టర్ డ్యూటీకొచ్చినా సూది ఒక్క తీరే ఏస్తది. మన పంచాయితీలు మాత్రం మనిషికో తీరు. ఒకాయన ముందే తీర్పు అనుకోని వస్తడు. ఒకాయన ఆడోళ్లను బయట నిలవెడ్తడు. అందరం ఒక పద్ధతి పెట్టుకోవద్దా?"

అయిజ మాజీ సర్పంచ్ ఎగతాళికి దిగాడు. "చాయ్ కూడ తాగొద్దంటె పంచాయితి ఎట్ల తెగుతదమ్మా?"

"ఎవరింటి చాయ్ తాగితె వాళ్ల దిక్కే తీపొస్తది నీ మాట."

అట్లా వాదించుకుంటూనే ఒక్కో పద్ధతి ఒప్పుకున్నాం. ఇద్దరికీ సమానంగా కుర్చీలు. ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి, ఆడవాళ్లయినా సరే. నోరు మూసుకుని కూర్చున్న మనిషి ఒప్పుకున్నట్టు కాదు. కొట్టిన కేసు మన దగ్గర రాజీకి రావద్దు, పోలీసులకు పోవాలి. చుట్టాలు, దోస్తులు, బేరం ఉన్నవాళ్లు ఆ తగువులో కూర్చోవద్దు. ఈ చివరి దానికి నువ్వే అందరికంటే గట్టిగా నవ్వావు. "ఇగ మా సేటు గద్వాలల ఏ పంచాయితి చెయ్యలేడు. జరీ అమ్మని ఇల్లు లేదాయె!"

నేను పట్టుబట్టింది ఇంకోటి. ఒక పక్షం చాటుగా చెప్పిన మాట పెద్దమనిషి ఎవరికీ చెప్పొద్దు, తోటి పెద్దమనుషులకు కూడా. ఒక నేత మనిషికి ఇచ్చిన ధర ఇంకొకరికి చెప్తే నా దుకాణానికి రేపు ఎవరూ రారు, ఇదీ అంతే కదా అన్నాను. "మంచి మాట" అన్నది నర్సమ్మ. ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

సర్పంచ్ ఊరుకోలేదు. "మరి ఆ పెద్దమనిషే నడుమల గుటుక్కుమంటె?"

అందరం పగలబడి నవ్వాం. నర్సమ్మా నవ్వింది. "నేను పోతె ఏమైతది? చెప్పినోళ్లు బతికే ఉంటరు గద. వాళ్ల మాట వాళ్ల దగ్గరనే ఉంటది."

ఇప్పుడు నా తగువు. నీకు కొంచెమే తెలుసు. మా ఇంట్లో ముందు భాగం నాది, దుకాణం. వెనక భాగం తమ్ముడిది, మగ్గాలు. పక్కన పొడుగ్గా సందు, ఇద్దరిదీ. వాడు నేతకు ముందు పడుగు దారాలు సాగదీయాలంటే ఆ సందు పొడుగంతా కావాలి. నాకేమో సరుకుకు చోటు చాలడం లేదు. సందు మొదట్లో షటర్ పెట్టించాను. వాడు సందు మధ్యలో గేటు పెట్టి తాళం వేశాడు. నల్లా గేటుకు అవతల, వాడి దిక్కు. డాబా మెట్లు ఇవతల, నా దిక్కు. నేను నీళ్ల క్యాన్లు కొంటున్నాను. వాడు రంగు నూలు ఆరేయడానికి ఎవరి డాబా కోసమో బతిమాలుతున్నాడు. ముందు షటర్, వెనక గేటు, నడుమ నేను. పొద్దున లేస్తే ఊపిరాడదు దోస్తూ.

ఇద్దరం ఒప్పుకున్న మనిషి నర్సమ్మ ఒక్కతే. ఆమె ఎవరికీ దోస్తు కాదు, అందరికీ పెద్దది. వచ్చింది. సందు విషయంలో ఎంతవరకు తగ్గగలనో నేను చాటుగా ఆమెకు చెప్పాను. తర్వాత రోడ్డు మీది నుంచి చుట్టూ తిరిగిపోయి, తమ్ముడి మగ్గం పక్కన కూర్చుని వాడి మాట విన్నది. వచ్చి గేటు ఊచలు పట్టుకుని అటూ ఇటూ చూసి నవ్వింది.

"దగ్గర్లనే ఉన్నరు. ఏం పరేషాన్ గాకు. వచ్చేసారి ఇద్దర్ని ఎదురెదురుగ కూసవెడ్త. రెండు కుర్చీలు తెచ్చి పెట్టు సేటూ, ఒకే రకంవి."

తెచ్చి పెట్టాను. ఆమె రాలేదు.

సావు దగ్గరికి తమ్ముడూ వచ్చాడు, వేరే బస్సులో. ఆమె కాళ్ల దగ్గర చెరో దిక్కు నిలబడ్డాం. వాడు ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను ఏం చెప్పానో వాడికి తెలియదు. రెండూ తెలిసిన మనిషి కళ్లు మూసుకుని పడుకుంది.

అప్పటి నుంచి ఇదే తిప్పలు. ఎంత తగ్గుతానో నేను ముందు చెప్తే బేరం అక్కడి నుంచే మొదలవుతుంది, వ్యాపారం చేసేవాడికి ఎవరైనా చెప్పాలా? వాడూ అదే లెక్కలో ఉండి ఉంటాడు. నీకు ఫోన్ చేసి, నర్సమ్మ ఏమైనా అన్నదా అని అడిగాను. "నాకేం తెల్వదు సేటూ. తెల్సినా చెప్ప. నువ్వు పెట్టిచ్చిన పద్ధతే గద" అన్నావు. పోనీ నువ్వు వచ్చి కూర్చో అంటే, "దోస్తులు కూసోవద్దు గద" అన్నావు. మూడు ఊళ్లలో పద్ధతి తెలిసిన పెద్దమనుషులంతా నా దోస్తులే. పద్ధతి లేనివాళ్లను తమ్ముడు నమ్మడు, నేనూ నమ్మను. మనం పెట్టుకున్న పద్ధతిలోనే ఇరుక్కుని కూర్చున్నాను.

ఈరోజు మధ్యాహ్నం మళ్లీ ఇది రాద్దామని కూర్చున్నాను. సర్పంచ్ అడిగిన మాట రాస్తుంటే, ఆమె చెప్పిన జవాబు దగ్గర వేలు ఆగిపోయింది. చెప్పినోళ్లు బతికే ఉంటరు గద. అప్పుడు నవ్వులాటగానే విన్నాను.

లేచి కుర్చీల ప్లాస్టిక్ కవర్లు చింపాను. ఒకటి గేటు మీది నుంచి అవతలికి దించాను. ఒకటి ఇవతల వేసుకున్నాను. అవతలి నుంచి మరదలు చూసింది.

"ఏంది బావా ఇది?"

"కుర్చీ అమ్మా."

"అది కనవడ్తనే ఉన్నది. ఎందుకు?"

"రెండూ ఒకే రకంవి. సూడు."

ఆమె రెండు కుర్చీల దిక్కూ చూసింది. లోపలికి పోయింది.

నేను ఎంతవరకు తగ్గుతానో ఇక్కడ రాయను దోస్తూ. ముందు వినాల్సింది వాడు. మిగతాదంతా ఈ కుర్చీలో కూర్చునే కొడుతున్నాను. అవతలి కుర్చీ ఖాళీగానే ఉంది. దాని సగం మీద ఎండ పడుతోంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది, టకా టకా.

ఆగింది.

ఉంటాను. సభ అయినాక గద్వాల రా. పెద్దమనిషిగా వద్దు, ఉత్త దోస్తుగా. దేవుడి దయ ఉంటే రెండు ఇండ్లల్లోనూ తలో ముద్ద తిని పోదువు. ఎప్పుడు కలుద్దాం?