డిక్కీలో చిన్న చెప్పు

మా నాయుడుపేట విలేకరి స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఒక చంటిపిల్ల చెప్పు ఉండేది. హైవే మీద ఎక్కడ ప్రమాదం జరిగినా దాన్ని రోడ్డు మీద పెట్టి ఫొటో తీసి పంపేవాడు.

"అది లేకుంటే ఎవురు సూస్తారు సార్?" అనేవాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

తిరుపతి డెస్కులో కూర్చుని, అంతా తెలిసే, వాటిని మొదటి పేజీలో వేసింది నేను.

ఒకరోజు బోల్తా పడిన బస్సు ఫొటో ఒక్కటే వచ్చింది. ఫోన్ చేశాను.

"ఏమప్పా, ఫొటోలో చెప్పు లేదే?"

లారీల హోరు మధ్య అతని గొంతు వినబడింది.

"ఈసారి ఆడ నిజంగానే ఒకటి పడుండాది సార్. ఫొటో తీసేదానికి చేతులు రాలేదు."

ఆ ఫొటోను లోపలి పేజీలో చిన్నగా వేశాను.

రిటైరై ఇంట్లో ఒక్కణ్నే కూర్చున్న ఈ రోజుల్లో అప్పుడప్పుడూ అతనికి ఫోన్ చేస్తుంటాను. మోగుతుంది. అతను ఎత్తడు.